మా ఆయన ఫీల్డ్‌లో, ఇద్దరు పిల్లలతో నేను సికింద్రాబాద్‌లో: ఒక ఏడాది అనుభవం

మా ఆయన ఆర్మీలో హవల్దార్. మాది పలాస దగ్గర పల్లె. మా వైపు ఏ ఊరెళ్లినా మిలట్రీలో ఉన్నవాళ్లు నలుగురైదుగురు తగులుతారు, మా పెదనాన్న కూడా సుబేదార్‌గా రిటైరయ్యారు, అందుకని ఈ జీవితం సంగతి నాకు తెలుసనే అనుకునేదాన్ని. నాకు తెలిసింది ఏపాటిదో 2025లో తెలిసొచ్చింది. ఆయన ఫీల్డ్‌కి, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేని పోస్టింగ్‌కి వెళ్లి ఏడాది గడిచింది, ఇంకా సగం పైనే ఉంది. ఇలాంటి ఆర్డరు చేతికొచ్చి ఏం చేయాలో తోచక కూర్చున్న చెల్లెళ్లెవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. యూనిట్ పేరు, చోటు పేరు రాయను. జమ్మూ కశ్మీర్, అంతవరకే.

ఆర్డరు 2024 నవంబరు చివర్లో వచ్చింది. అప్పటికి మూడేళ్లుగా సికింద్రాబాద్‌లో ఫ్యామిలీ క్వార్టర్‌లో ఉన్నాం. పాపకి అయిదేళ్ల తొమ్మిది నెలలు, యూకేజీ. చిన్నోడికి పదమూడు నెలలు, అప్పుడప్పుడే గోడ పట్టుకుని అడుగులేస్తున్నాడు. మా ముందున్నవి రెండే దారులు. పిల్లల్ని తీసుకుని ఊరెళ్లిపోవడం, లేదంటే ఎస్ఎఫ్ క్వార్టర్‌కి అప్లై చేసి ఇక్కడే ఉండిపోవడం. ఎస్ఎఫ్ అంటే భర్త ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లూ భార్యాపిల్లలు ఉండడానికి ఇచ్చే క్వార్టర్. మా అత్తయితే రోజూ ఫోను చేసి "ఒక్కద్దానివి అక్కడేటి సేస్తావమ్మా, పిల్లల్ని తీసుకుని వచ్చీ" అనేది. స్కూలు, ఆసుపత్రి చూసుకుని నేను ఇక్కడే ఉంటానన్నాను. ఇప్పుడడిగినా అదే మాట చెప్తాను. ఫిబ్రవరిలో అడిగి ఉంటే మాత్రం ఊరే నయమనేదాన్ని.

ఎస్ఎఫ్ క్వార్టర్‌కి డిసెంబరు మొదటి వారంలో కాగితం పెట్టాం. చేతికొచ్చింది మార్చి 24న. అంటే మూడున్నర నెలలు. అప్పటిదాకా పాత క్వార్టర్‌లోనే ఉండనిచ్చారు, అదొక అదృష్టం.

జనవరి మొదటి వారం అంతా ఇంట్లో పెయింటు వాసన. మిలట్రీ వాళ్లిళ్లలో నల్ల ట్రంకు పెట్టెలు ఉంటాయి కదా, వాటిమీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాస్తారు. పాత అక్షరాల మీద నల్ల పెయింటు కొట్టి, ఆరాక మళ్లీ రాస్తూ కూర్చున్నారు ఆయన, పక్కన మా పాప బ్రష్షు అందిస్తూ. చిన్నోడు ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. అయిదు వేళ్ల గుర్తు పడింది. తుడవబోతే ఆయన వద్దన్నారు. ఆ పెట్టె ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది.

8వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకి బండి వచ్చింది. యూనిట్ కంటే ముందు వెళ్లే అడ్వాన్స్ పార్టీలో ఆయన పేరుంది. పండక్కి ఆరు రోజులు. పిల్లలు నిద్రలో ఉన్నారు, లేపొద్దన్నారు. నేను విన్నాను, అదే నేను చేసిన మొదటి తప్పు. పాప లేచి ఇల్లంతా వెతికి, "నాకు చెప్పకుండా వెళ్లిపోయారు" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. దయచేసి పిల్లల్ని లేపండి, ఏడిస్తే ఏడుస్తారు. ఆగస్టులో రెండోసారి వెళ్లేటప్పుడు లేపాను. ఏడ్చింది, తర్వాత టిఫిను తిని స్కూలుకెళ్లింది.

11న పఠాన్‌కోట్ నుంచి ఫోను చేశారు. అది దాటాక మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, అక్కడ సిమ్ తీసుకోవాలి, లేదా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఆయనకి ఇది తెలుసు, పెళ్లికాక ముందు ఒకసారి అక్కడ చేసొచ్చారు. అందుకే అక్కడి సిమ్ తీసుకుంటానని, పాత సిమ్ తీసి పర్సులో పెట్టుకుని వెళ్లారు. పర్సులో! ఆ సిమ్ నా చేతికిచ్చి వెళ్లుంటే ఈ ఏడాది నా కష్టాలు సగానికి సగం ఉండేవి కావు. బ్యాంకు, గ్యాసు, ఆధార్, కరెంటు బిల్లు, అన్నీ ఆ నంబరుకే కట్టేసి ఉన్నాయి. ఓటీపీలన్నీ ఆ నంబరుకి వెళ్తాయి, ఆ నంబరేమో మంచు కొండల్లో ఎవరి పర్సులోనో.

తర్వాతి ఫోను 22న వచ్చింది. మధ్యలో పదకొండు రోజులు, అందులోనే భోగి, సంక్రాంతి, కనుమ. యూనిట్‌తో పాటు మా బ్లాకులో కుటుంబాలు కూడా చాలావరకు ఊళ్లకి వెళ్లిపోయాయి. పన్నెండు ఇళ్లలో నాలుగింట్లోనే లైటు వెలిగేది. పండగ రోజు మెట్లమీద ఒక్క ముగ్గు, నాదే. కింద ఉండే పంజాబీ దీదీ వచ్చి "భాభీజీ, క్యా బనాయా" అంటే పులిహోర పెట్టాను, నాకొచ్చిన హిందీలో అది చింతపండు అన్నం అని చెప్పేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ పదకొండు రోజుల్లో నేను నవ్వింది అప్పుడే అనుకుంటా.

ఖాళీ బ్లాకు అంటే రాత్రుళ్లు భయం వేసేది. గేటు దగ్గర గార్డు ఉంటాడని తెలుసు, అయినా. ఒక సీనియర్ భాభీ చెప్పింది, ఆయన పాత బూట్లు ఒక జత తలుపు బయట పెట్టమని. పెట్టాను. రెండో రోజో మూడో రోజో చూస్తే బూట్ల ముక్కులు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. పొద్దున్నేమో మెట్ల వైపు. పాప పని. స్కూలుకి వెళ్లేటప్పుడు బయటికి తిప్పుతుంది, సాయంత్రం లోపలికి తిప్పుతుంది. అదేంటమ్మా అంటే "ఎప్పుడూ ఒక్కలాగే ఉంటే దొంగలకి తెలిసిపోదా?" అంది. ఆదివారం మాత్రం కదపదు, ఆదివారం నాన్నకి సెలవట.

ఇక డబ్బు సంగతి. జీతం ఆయన అకౌంటులో పడుతుంది. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంది కాబట్టి క్యాష్ తీసుకోగలను, కానీ స్కూలు ఫీజు, ఆన్‌లైన్ చెల్లింపులు అన్నీ ఆగిపోయాయి. నా అకౌంటులో ఉన్నది పన్నెండు వేలు. ఫిబ్రవరిలో ఆయన వేరే వాళ్ల ఫోనులోంచి మాట్లాడి, యూనిట్ క్లర్కు సాయంతో బ్యాంకుకి దరఖాస్తు పంపితే, మార్చి జీతం నుంచి నెలకి పాతిక వేలు నా అకౌంటుకి దానంతటదే వచ్చేలా అయింది. వెళ్లేముందు బ్యాంకుకి వెళ్తే ఒక్క పూటలో అయ్యే పని.

గ్యాసు మరీ ఘోరం. ఫిబ్రవరి 6న బండ అయిపోయింది. బుక్ చేస్తే డెలివరీ కోడ్ ఆయన నంబరుకి వెళ్తుంది. కోడ్ చెప్పకపోతే కుర్రాడు బండ దించడు. ఏజెన్సీకి చిన్నోణ్ణి చంకనేసుకుని వెళ్లాను నంబరు మార్చమని. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే రావాలన్నాడు. ఆయన బోర్డర్‌లో ఉన్నారు బాబూ అంటే "అయితే ఒకసారి సార్‌ని పంపండి మేడమ్" అన్నాడు. నేనేం చెప్పాను అతనేం విన్నాడు! కోపం రాలేదు, అక్కడే నవ్వొచ్చేసింది. మూడోసారి వెళ్లినప్పుడు లోపల కూర్చున్న ఒక పెద్దాయన ఆధార్ కాపీ, మిలట్రీ వాళ్ల కుటుంబానికిచ్చే డిపెండెంట్ కార్డు చూసి, "మా బావమరిది కూడా మిలట్రీయేనమ్మా" అంటూ రెండు నిమిషాల్లో మార్చేశాడు. మొత్తం పంతొమ్మిది రోజులు. అన్నాళ్లూ దీదీ ఇచ్చిన ఇండక్షన్ పొయ్యి మీద ఒకే గిన్నెలో పప్పూ బియ్యం వేసి వండేదాన్ని. చిన్నోడికి తేడా ఏమీ తెలియలేదు. పాపకే పోపు వాసన లేదని బెంగ.

అత్త జనవరి 30న వచ్చింది, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో, జీడిపప్పు, అరిసెలు, ఒక కుండలో ఆవకాయ మోసుకుని. నలభై రోజులు ఉంది. ఆ నలభై రోజులే నేను మధ్యాహ్నం పూట పడుకున్నది. మార్చి వచ్చేసరికి తోటలో జీడి పిక్కలు ఏరాలి, మావయ్య ఒక్కరూ చూసుకోలేరు, వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ "గుంటడికి రాత్రిళ్లు కాళ్లకి ఆముదం రాయి, నువ్వూ తిను" అంది. నువ్వూ తిను అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండటం ఎంత పెద్ద సంగతో ఆవిడ వెళ్లాక తెలిసింది.

ఫోన్లు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి. వీడియో కాల్ మాటే లేదు, ఎప్పుడో కిందికి దిగినప్పుడు తప్ప. వారానికోసారి, ఒక్కోసారి పది రోజులకి, మూడు నాలుగు నిమిషాలు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి స్నానానికి వెళ్లినా ఫోను తీసుకెళ్లేదాన్ని. మొదట్లో ఆ మూడు నిమిషాలూ "బాగున్నారా, తిన్నారా" అనుకోవడంతోనే అయిపోయేవి, కట్ అయ్యాక అసలు సంగతి గుర్తొచ్చేది. అందుకని పాల లెక్కలు రాసే పుస్తకంలో చెప్పాల్సినవి రాసి పెట్టుకోవడం మొదలెట్టాను. ముందు పేజీల్లో పాల లెక్క, మధ్యలో ఆయనకి చెప్పాల్సినవి. కొన్నాళ్లకి ఆఖరి పేజీలో ఇంకో లిస్టు మొదలైంది. చెప్పకూడనివి.

మార్చిలో పాప ఒకటో తరగతి. కేంద్రీయ విద్యాలయం అనుకున్నాం, ఎక్కడికి పోస్టింగ్ వచ్చినా ఇబ్బంది లేకుండా. 7న రిజిస్ట్రేషన్ మొదలు, 21 ఆఖరు. ఫారం నింపడం సులువే. ఆయన సర్వీసు సర్టిఫికెట్ కావాలి, అందులో ఎన్ని బదిలీలు అయ్యాయో రాసి, పై ఆఫీసరు సంతకం, ముద్ర ఉండాలి. సంతకం చేయాల్సినవాళ్లు అక్కడ, ఫారం ఇక్కడ. 10న ఫోనులో చెప్పాను, 17న రాత్రి 11:40కి ఎవరో తమిళ్ అబ్బాయి నంబరు నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. సైజు ఎక్కువైందని వెబ్‌సైటు తీసుకోలేదు. అర్ధరాత్రి చిన్నోణ్ణి కాళ్లమీద వేసుకుని ఊపుతూ ఫోటో సైజు తగ్గించడం నేర్చుకున్నాను.

మొదటి లిస్టులో పేరు లేదు. చుట్టుపక్కల అందరూ మిలట్రీ పిల్లలే, మాకంటే ఎక్కువ బదిలీలు అయినవాళ్లు బోలెడు. రెండో లిస్టులో వచ్చింది. ఈసారి ఒరిజినల్ కాగితం చూపించాలి. సెలవు మీద వస్తున్న ఒక జవాను చేత ఆయన ఒక చిన్న డబ్బా పంపారు. అతను తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి ఆటోలో సరాసరి మా ఇంటికే వచ్చాడు, వాళ్లింటికి కూడా వెళ్లకుండా. డబ్బాలో సర్టిఫికెట్, కాసిని అక్రోట్లు, ఒక అగ్గిపెట్టె. అగ్గిపెట్టెలో ఆ పాత సిమ్. ఆ రోజు నేను ఎంత సంతోషించానో పెళ్లి రోజు కూడా అంత సంతోషించలేదని చెప్తే ఆయన నొచ్చుకుంటారు, అందుకని చెప్పలేదు.

ఈలోగా ఎస్ఎఫ్ క్వార్టర్‌కి మారడం కూడా అయింది. టాటా ఏస్‌కి మూడున్నర వేలు, ఎత్తి దించడానికి ఇద్దరికి రెండు వేలు. కొత్తచోట అందరూ నాలాంటి ఆడవాళ్లే. బీహార్, కేరళ, మహారాష్ట్ర, రెండు మెట్లు దిగితే మన గుంటూరావిడ. ఇక్కడ ఎవరూ ఎవర్నీ "మీవారు ఎప్పుడొస్తారు" అని అడగరు. ఆ మర్యాద బయట ఎక్కడా చూడలేదు.

ఏప్రిల్ 11 రాత్రి. చిన్నోడికి సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. సిరప్ వేసి పడుకోబెట్టాను. రెండు గంటలప్పుడు మంచం కదులుతున్నట్టనిపించి లేచాను. లైటు వేసి చూస్తే వాడి కళ్లు పైకి వెళ్లిపోయి ఉన్నాయి, చేతులు బిగుసుకుని కొట్టుకుంటున్నాయి, పెదవుల పక్కన నురుగు. నేనేం అరిచానో నాకు గుర్తులేదు. తలుపు తీసి పరిగెత్తాను, గుంటూరావిడ, బీహారీ భాభీ వచ్చేశారు. ఒకావిడ చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టింది, ఇంకొకావిడ పళ్లు కరుచుకోకుండా స్పూను పెట్టబోయింది. అంబులెన్స్ వచ్చేలోపే వాడు మెత్తబడి ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చాలా చిన్నమ్మాయి, ఓపిగ్గా చెప్పింది. జ్వరం వల్ల వచ్చే ఫిట్స్, ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి వస్తాయి, చాలామందికి పెద్దయ్యాక మళ్లీ రావు. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే ఒక్క క్షణం ఆగకూడదు. తాళాల సంగతి చెప్తే నవ్వి "తాళాలకి తలుపులే తెలుస్తాయమ్మా" అంది. ఎన్ని నిమిషాలు వచ్చిందని అడిగింది. నాకు గంటలా ఉంది. రెండు నిమిషాలు ఉంటుందేమో అన్నాను.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. వైద్యం వెంటనే చేశారు, అందులో లోపం లేదు. కాగితాలు రాసేటప్పుడు చూస్తే డిపెండెంట్ కార్డులో పాప పేరుంది, చిన్నోడి పేరు లేదు. పుట్టగానే ఆ సంగతి ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడాలి, పడిందనుకున్నాం, ఇద్దరం మళ్లీ చూసుకోలేదు. మా అశ్రద్ధే. అది సరయ్యేసరికి జూన్ వచ్చింది. పిల్లాడు పుట్టాక ఆ కాగితం పడిందో లేదో కళ్లతో చూసేదాకా నమ్మకండి.

14న ఆయన ఫోను చేశారు. చిన్నోడెలా ఉన్నాడంటే "పళ్లొస్తున్నాయి, చిరాకు పడుతున్నాడు" అన్నాను. ఆఖరి పేజీలో రాసుకున్నాను: 11 రాత్రి, ఫిట్స్, రెండు నిమిషాలు. ఆ నెల్లోనే దాని కింద ఇంకోటి చేరింది, స్కూల్లో పాప పక్క పిల్ల చెయ్యి కొరికింది.

మే 18 నుంచి ఆయనకి సెలవు దొరకాల్సింది. ఏప్రిల్ 22న పహల్గాం ఉగ్రదాడి జరిగింది. ఆ రాత్రి మా బిల్డింగులో ఏ ఇంట్లోనూ టీవీ చప్పుడు లేదు. వారంలో సెలవు రద్దయిందని తెలిసింది, ఆయన చెప్పలేదు, వేరే వాళ్ల భార్య చెప్పింది. మే 5న చివరి ఫోను, "కొన్నాళ్లు చేయలేకపోవచ్చు" అన్నారు, అంతే. 7న తెల్లారి లేచి ఫోను చూస్తే ఆపరేషన్ సిందూర్. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఇక్కడ కంటోన్మెంట్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ముందే చెప్పారు, అయినా ఆ చప్పుడుకి పాప మంచం కిందికి దూరి, తమ్ముణ్ణి కూడా లాక్కుంది. రెండు నిమిషాలే. ఆగిపోయాక కూడా చాలాసేపు బయటికి రాలేదు.

8వ తేదీ అంతా పాప ఒకటే ప్రశ్న. నాన్న ఫోను ఎందుకు చేయలేదు, నాన్న ఉన్నచోట కూడా సైరన్ మోగుతుందా, ఎప్పుడు చేస్తారు. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో అడిగినప్పుడు కొట్టాను. చెంప మీద. అప్పటిదాకా దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. అది ఏడవలేదు, వెళ్లి బూట్లు లోపలికి తిప్పి వచ్చింది, ఇంకా మధ్యాహ్నమే. అది కూడా ఆఖరి పేజీలో రాశాను.

9న సత్యసాయి జిల్లా కుర్రాడు, జవాను మురళీ నాయక్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడన్న వార్త వచ్చింది. మన భాషలో, మనవాళ్ల ఇంటి ముందు ఏడుపులు టీవీలో వింటే తట్టుకోలేకపోయాను. టీవీ వైరు పీకేశాను. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడెక్కడివో వీడియోలు, "ఇది మీ ఆయన ఉన్న వైపేనా" అని. రెండు గ్రూపుల్లోంచి బయటికొచ్చేశాను, ఒకటి మా పుట్టింటివాళ్లది. కోపాలొచ్చాయి, రానీ. 10 సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. అయినా ఫోను రాలేదు. 11, 12. ఆ రోజుల్లో మా బిల్డింగులో ఎవరి ఫోను మోగినా అన్ని తలుపులూ తెరుచుకునేవి. 13 రాత్రి 9:20కి మా వంతు. యాభై సెకన్లు. "బాగున్నాను. పిల్లలు?" "బాగున్నారు." అంతకంటే ఏమీ అనుకోలేదు. తర్వాత నేను ఆ రాత్రి పదకొండు గంటలకి దోసెలు పోసుకుని ఆరు తిన్నాను. ఎందుకంత ఆకలేసిందో.

జులై 6న వచ్చారు, ముప్పై రోజుల సెలవు. వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయనుకుంటాం కదా, నాకైతే మొదటి పది రోజులు ఆయన లేనప్పటికంటే కష్టంగా గడిచాయి. చిన్నోడు ఆయన్ని చూసి నా కొంగులో దూరాడు. ఎత్తుకుంటే ఒళ్లంతా విల్లులా వంచి ఏడుపు. ఆయన మంచం మీద కూర్చుంటే లేవమని తోసేవాడు, అది వాడి చోటు. పాపేమో ఆయన ఏదన్నా చెప్తే నా మొహం చూసేది, అమ్మ ఒప్పుకుందా లేదా అని. మూడో రోజు "నాన్నా, మళ్లీ ఎప్పుడు వెళ్తారు?" అని అడిగింది. దానికి క్యాలెండరులో గీత పెట్టుకోవాలి, అందుకడిగింది. ఆయన మొహం చిన్నబోయింది. నేనూ తక్కువేం కాదు, బియ్యం డబ్బా చోటు మార్చారని గొడవపెట్టుకున్నాను. ఆయన అయిదింటికి అందర్నీ లేపేవారు, ఇదేమన్నా బ్యారకా అన్నాను. ఆయన పాత బూట్లు చిరిగిపోయాయని పాత సామాన్లవాడికి వేసేశారు, పాప ఇల్లెగరగొట్టేసింది. కారణం చెప్తే ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం తన మంచి జత తీసి బయట పెట్టారు.

అయిదో రోజున పాలవాడికి డబ్బులివ్వాలి, ఆయన పుస్తకం తీశారు. నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి చప్పుడు లేకపోతే తొంగి చూశాను. ఆఖరి పేజీ. నాకు కాళ్లాడలేదు. ఆయన పుస్తకం మూసి "మే నెలలో పాలవాడికి మూడు రోజులు ఎక్కువ ఇచ్చావు" అన్నారు. అంతే. అన్నం తిన్నారు, పాపకి లెక్కలు చెప్పారు, చిన్నోడు ఏడుస్తున్నా వాడి గోళ్లు తీశారు. రాత్రి రెండింటికి చీకట్లో అడిగారు.

"సరిగ్గా ఎన్ని నిమిషాలు వచ్చింది?"

"రెండు. గడియారం చూళ్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవారండీ అక్కడ?"

మాట్లాడలేదు. మీరేం దాచారని నేనూ అడిగాను. "పడుకో" అన్నారు. ఇద్దరం తెల్లారేదాకా మెలకువగానే ఉన్నాం.

చిన్నోడు పదిహేనో రోజుకి దగ్గరయ్యాడు. ఆయన గడ్డం గీసుకుంటుంటే నురుగు తీసి తన బుగ్గలకి పూసుకున్నాడు, అక్కడి నుంచి వదల్లేదు. అందుకే ఆగస్టు 4న వెళ్లినప్పుడు జనవరి కంటే ఎక్కువ ఏడ్చింది వాడే, మూడు రోజులు జ్వరం కూడా వచ్చింది. ఈసారి సిరప్, థర్మామీటరు, గోడ గడియారం అన్నీ మంచం పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఫిట్స్ రాలేదు.

ఈసారి వెళ్లేముందు ఒక పూట బ్యాంకుకి, ఒక పూట గ్యాసు ఏజెన్సీకి, ఒక పూట జిరాక్స్ షాపుకి తిరిగాం. సర్వీసు సర్టిఫికెట్ కొత్తది సంతకాలతో రెండు కాపీలు, ఆయన ఆధార్, పాన్, అకౌంటు జాయింటు చేయించడం, పాత సిమ్ నా రెండో ఫోనులో. ఖర్చు నాలుగు వందలు కూడా కాలేదు. జనవరిలో ఈ పని చేసుంటే అని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఇప్పుడు 2026 జనవరి. ఈ సంక్రాంతికి కూడా రాలేదు, సెలవు ఫిబ్రవరిలో అంటున్నారు, నేను క్యాలెండరు మీద ఏమీ రాయలేదు, పాప మాత్రం పెన్సిల్‌తో రాసింది, చెరిపేయడానికి వీలుగా. మొన్న ఆదివారం ఫోను చేశారు. ఎప్పట్లా చిన్నోడితో రెండు మాటలు, పాపతో నాలుగు. తర్వాత నాతో, "పాల పుస్తకం తియ్యి. ఆఖరి పేజీ చదువు" అన్నారు.

తీశాను. ఆగస్టులో ఆయన వెళ్లాక రాసినవి మూడు ఉన్నాయి. మొదటిది, చిన్నోడు మెట్లమీంచి పడి నుదురు చిట్లింది, రెండు కుట్లు. రెండోది, దీపావళి రాత్రి నేను బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను, పిల్లలు విన్నారు. మూడోది చదవబోతుంటే లైను కట్ అయింది.

వచ్చే ఫోనులో చదువుతాను. పేజీ మడిచి పెట్టాను.